‘వస్తానన్నాడు’ ఇంగ్లీషులో ఎట్టా రాయాలి?

ప్రశ్న: కావలి దగ్గర రొయ్యల కంపెనీ ఆఫీసులో పనిచేస్తున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియం. చెరువుల దగ్గర పట్టుబడి వివరాలు, లారీల సమాచారం రోజూ ఇంగ్లీషులో మెయిల్ పెట్టాలి. మొన్న నేను రాసిన మూడు వాక్యాల కింద మా మేనేజరు గీతలు గీశారు. ఎందుకో చెప్పలేదు. అవి ఇవి: ‘ద డ్రైవర్ టోల్డ్ దట్ ద లారీ విల్ రీచ్ బై నైన్’, ‘ఐ హ్యాడ్ గాన్ టు ద పాండ్ యెస్టర్డే’, ‘హి సెడ్ హి వుడ్ కాల్ వెన్ హి వుడ్ రీచ్ ద ప్లాంట్’. గ్రామర్ పుస్తకం తీస్తే మెయిన్ క్లాజ్ (ప్రధాన వాక్యం) పాస్ట్ టెన్స్‌లో ఉంటే సబార్డినేట్ క్లాజ్ (ఉపవాక్యం) కూడా పాస్ట్‌లోనే ఉండాలని ఉంది. అదే పేజీలో భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని టీచర్ చెప్పాడనే వాక్యానికి మాత్రం ప్రెజెంట్ రాశారు. ఏది పట్టుకోవాలి? – ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: మూడు గీతలూ పడాల్సిన చోటే పడ్డాయి. పుస్తకం చెప్పిందీ అబద్ధం కాదు, సగం చెప్పి ఊరుకుంది. తప్పు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ముందు మన తెలుగు వాక్యం వైపు చూడాలి.

‘తొమ్మిదికల్లా లారీ వస్తుందని డ్రైవర్ చెప్పాడు.’ ఇందులో ‘చెప్పాడు’ జరిగిపోయింది, ‘వస్తుంది’ జరగబోయేది. డ్రైవర్ అన్న మాటను అట్నే ఉంచి వెనక ‘అని’ తగిలించాం. ఆ లారీ వచ్చి, సరుకు దించి, వెళ్ళిపోయి నెల రోజులైనా సరే, తెలుగులో ‘వస్తుందని’ అన్నది కదలదు. అంటే కాలాన్ని మనం డ్రైవర్ మాట్లాడిన క్షణం నుంచి లెక్కేస్తున్నాం. ఇంగ్లీషు అట్టా కాదు. మెయిల్ రాస్తున్న మీరు ఏ క్షణంలో ఉన్నారో అక్కడి నుంచి లెక్కేస్తుంది. మీకు డ్రైవర్ మాట నిన్నటిది, కాబట్టి ఆ మాట లోపలి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి జరగాలి. విల్ వుడ్ అవుతుంది. ‘అని’ తర్వాత చెప్పాడు, అన్నాడు, అనుకున్నాడు, తెలిసింది లాంటి మాటలు వచ్చే వాక్యాలన్నిటికీ ఇదే లెక్క.

మెట్లు ఇవి. యామ్, ఈజ్ అన్నవి వాజ్ అవుతాయి, ఆర్ వర్ అవుతుంది. గో, కమ్, సెండ్ లాంటి మామూలు ప్రెజెంట్ క్రియలు వెంట్, కేమ్, సెంట్ అవుతాయి. హ్యావ్, హ్యాజ్ రెండూ హ్యాడ్ అవుతాయి. కెన్ కుడ్ అవుతుంది, మే మైట్ అవుతుంది. తప్పనిసరి అనే అర్థంలో మస్ట్ వస్తే హ్యాడ్ టు రాయొచ్చు, మస్ట్ అట్నే ఉంచినా తప్పు కాదు. ఇక కుడ్, వుడ్, షుడ్, మైట్, ఆట్ టు అప్పటికే వెనక మెట్టు మీద ఉన్నాయి, వాటిని కదిలించొద్దు. అవతలి మనిషే పాస్ట్‌లో మాట్లాడి ఉంటే, ‘నిన్న మేత కొన్నాను’ అన్నాడనుకోండి, ‘హి సెడ్ దట్ హి హ్యాడ్ బాట్ ఫీడ్ ద డే బిఫోర్’ అని హ్యాడ్ పెడతాం. సందర్భం తెలిసిపోతుంటే ఉత్త బాట్ రాసినా నడుస్తుంది.

క్రియతోబాటు రోజుల పేర్లూ జరుగుతాయి. వాళ్ళు టుమారో అన్నది వారం తర్వాత రాసే రిపోర్టులో ద నెక్స్ట్ డే అవుతుంది. యెస్టర్డే ద డే బిఫోర్ అవుతుంది, అగో బిఫోర్ అవుతుంది. ‘రేపు పట్టుబడి’ అని రైతు సోమవారం చెబితే, బుధవారం మెయిల్‌లో టుమారో అని రాసినప్పుడు చదివేవాళ్ళు గురువారం లారీ పంపుతారు. ఇది మార్కుల సంగతి కాదు, డీజిల్ సంగతి.

మీ మొదటి వాక్యంలో కాలంతో సంబంధం లేని తప్పులు కూడా రెండున్నాయి. టోల్డ్ వెనక ఎవరికి చెప్పాడో ఉండాలి: టోల్డ్ మి, టోల్డ్ అస్, టోల్డ్ ద మేనేజర్. ఎవరికో చెప్పదలుచుకోకపోతే సెడ్ రాయండి. రీచ్ వెనక చోటు పేరు ఉండాలి, అదీ టు లేకుండా: రీచ్ ద ప్లాంట్, రీచ్ కృష్ణపట్నం. చోటు చెప్పనక్కరలేదంటే అరైవ్ వాడండి. మొత్తం మీద ‘ద డ్రైవర్ సెడ్ దట్ ద లారీ వుడ్ అరైవ్ బై నైన్’.

విల్ ఎప్పటికీ తప్పేనా అంటే, కాదు. ఉదయం ఎనిమిదికి మెయిల్ రాస్తున్నారు, లారీ ఇంకా దారిలో ఉంది, తొమ్మిది ఇంకా కాలేదు. అప్పుడు ‘ద డ్రైవర్ సెడ్ దట్ ద లారీ విల్ అరైవ్ బై నైన్’ అన్నదీ సరైన ఇంగ్లీషే, ఎందుకంటే రాస్తున్న మీకు కూడా ఆ రాక ముందున్నదే. సాయంత్రం రాసే రిపోర్టులో మాత్రం వుడ్ ఒక్కటే. మీ మెయిల్ ఎప్పటిదో మీరు రాయలేదు. సందేహంగా ఉంటే వుడ్ పెట్టండి, అది రెండు చోట్లా నిలబడుతుంది.

భూమి, సూర్యుడి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ‘పెన్న బంగాళాఖాతంలో కలుస్తుందని టీచర్ చెప్పారు’ అన్నది చూడండి. ఆయన చెప్పిన రోజూ కలుస్తోంది, మీరు రాస్తున్న రోజూ కలుస్తోంది. అందుకని ‘ద టీచర్ సెడ్ దట్ ద పెన్నా జాయిన్స్ ద బే ఆఫ్ బెంగాల్’. జాయిన్డ్ అని రాసినా ఇంగ్లీషువాళ్ళు వింతగా చూడరు కానీ, పరీక్ష పేపర్లో ఎప్పటికీ మారని సత్యానికి ప్రెజెంటే అడుగుతారు కాబట్టి అదే రాయండి.

ఈ వెసులుబాటుకు ఆఫీసు పనిలో ఒక పదునుంది, గ్రామర్ పుస్తకాలు దాని జోలికి పెద్దగా పోవు. ‘ద ఫార్మర్ సెడ్ దట్ హి యూజెస్ నో యాంటీబయాటిక్స్’ అని ప్రెజెంట్‌లో రాస్తే, అది ఇప్పటికీ నిజమేనని మీరూ ఒప్పుకుంటున్నట్టు ధ్వనిస్తుంది. ‘హి సెడ్ దట్ హి యూజ్డ్ నో యాంటీబయాటిక్స్’ అంటే అది ఆయన మాట, అంతవరకే. ఎగుమతి సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు పరీక్షిస్తారు, దొరికితే కంటైనరే వెనక్కి రావొచ్చు. అలాంటి చోట మీరు కళ్ళతో చూడని సంగతిని పాస్ట్‌లో రాయడమే మేలు. పూచీ మీ మెడకు చుట్టుకోదు.

అడగడం దగ్గర ఇంకో గుంట ఉంది. ‘ఐస్ ఎక్కడుందని అడిగాడు’ అన్నదాన్ని మనవాళ్ళు ‘హి ఆస్క్డ్ వేర్ వాజ్ ద ఐస్’ అని రాస్తారు. వెనక్కి జరపడం సరిగ్గానే జరిపారు, వరస తప్పింది. ప్రశ్న ఉపవాక్యమైపోయాక అది ప్రశ్న కాదు, కాబట్టి మామూలు వాక్యం వరసే రావాలి: ‘హి ఆస్క్డ్ వేర్ ద ఐస్ వాజ్’. చివర ప్రశ్న గుర్తు కూడా ఉండదు. డు, డజ్, డిడ్ లాంటి ప్రశ్న పనిముట్లు రాలిపోతాయి. ‘బిల్లు అందిందా?’ అనే ప్రశ్న ‘హి ఆస్క్డ్ వెదర్ ఐ హ్యాడ్ రిసీవ్డ్ ద బిల్’ అవుతుంది. మన ‘అందిందో లేదో’కు సరైన మాట ఈ వెదర్. దాని పక్కన దట్ పెట్టకండి, ‘ఆస్క్డ్ దట్ వెదర్’ అన్నది మన ‘అని’ని అక్కడికి మోసుకుపోవడమే.

ఇక రెండో గీత. ‘ఐ హ్యాడ్ గాన్ టు ద పాండ్ యెస్టర్డే.’ ‘నిన్న చెరువు కాడికి పోయున్నా’ అంటాం కదా, ఆ ‘ఉన్నా’ హ్యాడ్‌గా దిగుతోంది. పోయి వచ్చేశాను, అయిపోయింది అనే భావం కోసం చాలామంది హ్యాడ్ పెడతారు. కొంచెం గౌరవంగా, గట్టిగా వినిపిస్తుందని పెట్టేవాళ్ళూ లేకపోలేదు. ఇంగ్లీషులో హ్యాడ్‌కు ఆ పని లేదు. గతంలో ఒక సంగతి దగ్గర నిలబడి, అంతకంటే ముందు జరిగిన దానివైపు వెనక్కి తిరిగి చూడటమే దాని పని. ఆ రెండో సంగతి లేనప్పుడు హ్యాడ్ గాల్లో వేలాడుతుంది. చదివేవాళ్ళు ‘దేనికంటే ముందు?’ అని ఎదురుచూస్తారు. కాబట్టి ‘ఐ వెంట్ టు ద పాండ్ యెస్టర్డే’ చాలు. ‘వెన్ ద బయర్ కేమ్ టు ద ఆఫీస్, ఐ హ్యాడ్ గాన్ టు ద పాండ్’ అంటే హ్యాడ్‌కు నిలబడే చోటు దొరికింది: కొనుగోలుదారు వచ్చేసరికే మీరు ఆఫీసులో లేరు.

వెన్ ఒక్కటే ఉంచి రెండో క్రియ మారుస్తూ పోతే తేడా బాగా తెలుస్తుంది. ‘వెన్ ఐ రీచ్డ్ నెల్లూర్ స్టేషన్, ద పినాకిని లెఫ్ట్’ అంటే మీరు చేరడం, బండి కదలడం వెంటవెంటనే జరిగాయి. ‘వాజ్ లీవింగ్’ అంటే మీరు చేరుతుండగా బండి కదులుతోంది, పరుగెత్తితే ఎక్కొచ్చు. ‘హ్యాడ్ లెఫ్ట్’ అంటే బండి అప్పటికే పోయింది, స్టేషన్ బయట టీ తాగి బస్టాండుకు నడవడమే. తెలుగులో ‘చేరగానే కదిలింది’, ‘చేరేసరికి కదులుతోంది’, ‘చేరేసరికే వెళ్ళిపోయింది’ అని ముందు మాటనూ వెనక మాటనూ రెండింటినీ సర్దుకుంటాం. ఇంగ్లీషులో ఆ భారమంతా రెండో క్రియ మీదే పడుతుంది.

ఎన్ని సంఘటనలుంటే అన్ని హ్యాడ్‌లు కావాలనుకోవద్దు. మన భారతం కథే తీసుకోండి. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపాడు, 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశాడు, 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎర్రన అరణ్యపర్వంలో మిగిలింది పూర్తిచేశాడు. జరిగిన వరసలోనే చెప్పుకుపోతే స్టాప్డ్, రోట్, కంప్లీటెడ్ అని మూడూ మామూలు పాస్ట్‌లోనే ఉంటాయి, హ్యాడ్‌తో పనే లేదు. ఎర్రన దగ్గర మొదలుపెట్టి వెనక్కి చూస్తే మాత్రం కావాలి: ‘ఎర్రన కంప్లీటెడ్ ద పార్ట్ దట్ నన్నయ హ్యాడ్ లెఫ్ట్ అన్‌ఫినిష్డ్’. మీ రిపోర్టుకూ ఇదే కొలత. ఉదయం నుంచి సాయంత్రం దాకా వరసగా రాస్తే హ్యాడ్ అడగదు. సాయంత్రం తేలిన సమస్యతో మొదలుపెట్టి పొద్దున జరిగిన కారణం చెబితే అడుగుతుంది.

ఆఫ్టర్, బిఫోర్ అనే మాటలే ఏది ముందో చెప్పేస్తాయి కాబట్టి వాటి దగ్గర హ్యాడ్ మీ ఇష్టం. బిఫోర్‌లో ఒక చమత్కారం మాత్రం ఉంది. ‘ద బయర్ లెఫ్ట్ బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్ కౌంటింగ్’ అంటే లెక్క పూర్తికాకముందే వెళ్ళిపోయాడని. హ్యాడ్ ఉన్న క్లాజే తర్వాతది, అయినా తప్పు కాదు, మన ‘కాకముందే’ పని అది చేస్తోంది. బై ద టైమ్ వస్తే మెయిన్ క్లాజులో సాధారణంగా హ్యాడ్ రావాలి: ‘బై ద టైమ్ ద ఐస్ అరైవ్డ్, హాఫ్ ద లోడ్ హ్యాడ్ స్పాయిల్డ్’. నో సూనర్‌తో మొదలుపెడితే ‘నో సూనర్ హ్యాడ్ ద లారీ స్టాప్డ్ దాన్ ద రెయిన్ బిగాన్’, జత దాన్. హార్డ్‌లీకి జత వెన్. మెయిల్‌లో ఇంత దూరం పోనక్కరలేదు, యాజ్ సూన్ యాజ్ పెడితే చాలు. సిన్స్ దగ్గర మాత్రం సూత్రం తిరగబడుతుంది: ‘వి హ్యావ్ సెంట్ ఫోర్ లారీస్ సిన్స్ ద హార్వెస్ట్ బిగాన్’. సబార్డినేట్ క్లాజ్ పాస్ట్, మెయిన్ క్లాజ్ ప్రెజెంట్ పర్ఫెక్ట్, ఎందుకంటే లారీలు పంపడం ఇంకా తెగిపోలేదు.

మూడో గీత దగ్గరే అందరూ ఎక్కువగా జారతారు. ‘హి సెడ్ హి వుడ్ కాల్ వెన్ హి వుడ్ రీచ్ ద ప్లాంట్.’ మీరు పుస్తకం మాట నమ్మి రెండు విల్‌లనూ రెండు వుడ్‌లు చేశారు. కానీ డ్రైవర్ ఇంగ్లీషులో మాట్లాడి ఉంటే అసలు రెండు విల్‌లు ఉండేవే కావు: ‘ఐ విల్ కాల్ వెన్ ఐ రీచ్ ద ప్లాంట్’. ‘చేరాక ఫోన్ చేస్తా’ అన్నప్పుడు ‘చేరాక’ మీద కాలం గుర్తే లేదు చూడండి. ఇంగ్లీషు అంత ఖాళీగా వదలలేదు, అక్కడ ఒక క్రియ పెట్టాలి, అది ప్రెజెంట్ అయితే చాలంటుంది. వెనక్కి జరిపితే కాల్ ముందున్న విల్ వుడ్ అవుతుంది, రీచ్ రీచ్డ్ అవుతుంది: ‘హి సెడ్ హి వుడ్ కాల్ వెన్ హి రీచ్డ్ ద ప్లాంట్’. ఆయన ఇంకా చేరలేదు కదా, రీచ్డ్ అని ఎట్టా రాస్తామని అనిపిస్తుంది. ఇక్కడ రీచ్డ్ అంటే చేరాడని కాదు, రీచ్ ఒక మెట్టు వెనక్కి జరిగిందంతే. ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, బై ద టైమ్, ఇఫ్ అన్నీ ఇదే దారి.

అట్లాగని ప్రతి వెన్ పక్కనా వుడ్‌ను కొట్టేయకండి. ‘హి డిడ్ నాట్ సే వెన్ హి వుడ్ రీచ్ ద ప్లాంట్’ అన్నది నూటికి నూరుపాళ్ళు సరైనది. రెండిట్లోనూ మాట వెన్ ఒక్కటే అయినా పని వేరు. దీనికి తెలుగే గీటురాయి. మీ మనసులో ఉన్నది ‘చేరాక’, ‘చేరినప్పుడు’ అయితే వుడ్ వద్దు. ‘ఎప్పుడు చేరతాడో’ అయితే వుడ్ కావాలి. ఇఫ్‌కూ అంతే: ‘వస్తే చెబుతానన్నాడు’ అన్నది ‘హి సెడ్ హి వుడ్ టెల్ మి ఇఫ్ ద లారీ కేమ్’, ‘వస్తుందో రాదో తెలియదన్నాడు’ అన్నది ‘హి సెడ్ హి డిడ్ నాట్ నో ఇఫ్ ద లారీ వుడ్ కమ్’. జరగబోయేదాని చివర ‘ఓ’ వినిపిస్తే విల్, వుడ్ ఉంటాయి. ‘ఆక’, ‘తే’, ‘ప్పుడు’ వినిపిస్తే ఉండవు. తెలుగు మీడియంలో చదవడం అడ్డమని అనుకుంటారు గానీ, ఈ ఒక్క చోట మీకున్న సౌకర్యం ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్ళకు లేదు.

పుస్తకం సూత్రం అసలు వర్తించని క్లాజులు కొన్నున్నాయి. మనిషినో వస్తువునో వర్ణించే హూ, విచ్, దట్ క్లాజులు దేని కాలం దానివే: ‘ఐ మెట్ ద ఫార్మర్ హూ సప్లైస్ అస్’, ‘హూ విల్ సప్లై అస్ నెక్స్ట్ సీజన్’, రెండూ సరైనవే. పోలికలూ అంతే: ‘వి పెయిడ్ మోర్ లాస్ట్ ఇయర్ దాన్ వి పే నౌ’. బికాజ్ వెనక కారణం ఇప్పటికీ అట్నే ఉంటే ప్రెజెంట్ ఉంచొచ్చు: ‘ద లారీ టర్న్‌డ్ బ్యాక్ బికాజ్ ద రోడ్ ఈజ్ టూ నారో’, ఆ దారి ఇవాళా ఇరుకే. ఉద్దేశం చెప్పే సో దట్ మాత్రం వెనక్కి జరుగుతుంది: ‘వి యాడెడ్ ఐస్ సో దట్ ద ప్రాన్స్ వుడ్ స్టే ఫ్రెష్’.

జరగని సంగతుల ఇఫ్ వేరే సరుకు. మన ‘వచ్చుంటే… మిగిలేది’లో ‘వచ్చుంటే’ హ్యాడ్ కమ్, ‘మిగిలేది’ వుడ్ హ్యావ్: ‘ఇఫ్ ద లారీ హ్యాడ్ కమ్ ఆన్ టైమ్, వి వుడ్ హ్యావ్ సేవ్డ్ ద ఐస్’. ఇఫ్ పక్కన వుడ్ హ్యావ్ పెట్టకుండా ఉంటే సగం తప్పులు పోతాయి. ఇంకొకరు చెప్పారని రాసినా ఇవి కదలవు, వెనక్కి జరగడానికి ఇంకో మెట్టు లేదు.

డిడ్ గురించి ఒక్క మాట. డిడ్ వచ్చిందంటే పాస్ట్ అంతా అదే మోస్తుంది, పక్క క్రియ మొదటి రూపంలోనే ఉండాలి. ‘బికాజ్ హి డిడ్ నాట్ కేమ్’ అన్నది ఒకే బరువును ఇద్దరి నెత్తిన పెట్టడం.

రాసేటప్పుడు ముందు మెయిన్ క్లాజ్ క్రియ కింద పెన్సిల్ గీత పెట్టండి. అది ప్రెజెంట్ అయితే ఉపవాక్యంలో ఏ కాలమైనా రావచ్చు, అక్కడితో వదిలేయండి. పాస్ట్ అయితే ఉపవాక్యం తెలుగులో ఎట్టా ముగుస్తుందో నోట్లో అనుకోండి: ‘అని’యా, ‘ఓ’యా, ‘ఆక’యా, ‘తే’యా, లేక ‘వచ్చిన రైతు’ లాంటి వర్ణనా. ఏ సూత్రం పట్టాలో ఆ చివరి అక్షరాలే చెబుతాయి. కింది మెయిల్ మీద ఒకసారి చేసి చూడండి. జవాబు చూడకముందు మీరే దిద్దండి. అందులో కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క.

‘యెస్టర్డే ఐ హ్యాడ్ విజిటెడ్ ద పాండ్. ద ఫార్మర్ టోల్డ్ దట్ హి విల్ హార్వెస్ట్ ఆన్ ఫ్రైడే. ఐ ఆస్క్డ్ వాట్ ఈజ్ ద కౌంట్. హి సెడ్ హి డిడ్ నాట్ చెక్డ్, బట్ హి వుడ్ మెసేజ్ మి వెన్ హి వుడ్ నో. వెన్ ఐ రీచ్డ్ టు ద ఐస్ ప్లాంట్, ఇట్ ఆల్రెడీ క్లోజ్డ్. ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ స్టార్టెడ్ ఎర్లియర్, ఐ వుడ్ హ్యావ్ గాట్ ద ఐస్.’

దిద్దాక: ‘యెస్టర్డే ఐ విజిటెడ్ ద పాండ్. ద ఫార్మర్ టోల్డ్ మి దట్ హి వుడ్ హార్వెస్ట్ ఆన్ ఫ్రైడే. ఐ ఆస్క్డ్ వాట్ ద కౌంట్ వాజ్. హి సెడ్ హి హ్యాడ్ నాట్ చెక్డ్, బట్ హి వుడ్ మెసేజ్ మి వెన్ హి న్యూ. వెన్ ఐ రీచ్డ్ ద ఐస్ ప్లాంట్, ఇట్ హ్యాడ్ ఆల్రెడీ క్లోజ్డ్. ఇఫ్ ఐ హ్యాడ్ స్టార్టెడ్ ఎర్లియర్, ఐ వుడ్ హ్యావ్ గాట్ ద ఐస్.’

మెయిల్ పంపే రోజుకు ఆ శుక్రవారం ఇంకా రాకపోతే, రెండో వాక్యంలో ‘విల్ హార్వెస్ట్’ అని ఉంచినా మీ మేనేజరు గీత గీయడానికి లేదు.